అభిమానానికి పరీక్ష పెట్టే హక్కు ఎవరిది?

(విజయనగరంలోని ఒక స్థానిక స్టూడియోలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమం పూర్తి పాఠం. పాల్గొన్నవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.)

సమన్వయకర్త: ప్రేక్షకులందరికీ నమస్కారం. కామిక్స్, అనిమే అనే జపాన్ యానిమేషన్ కథలు, వీడియో గేమ్స్, సైన్స్ ఫిక్షన్, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ వంటి వాటిని కాలక్షేపంగా కాక ప్రాణంగా చూసుకునేవారి లోకాన్ని ఇప్పుడు గీక్ సంస్కృతి అంటున్నాం. ఆ లోకంలోకి ఒక అమ్మాయి అడుగుపెట్టగానే, ఈమె ఇష్టం నిజమైనదేనా, నలుగురి దృష్టిలో పడటానికి తెచ్చిపెట్టుకున్నదా అన్న అనుమానం ఆమె వెంటే వస్తుంది. 2012 ప్రాంతంలో ఇంగ్లీషు ఇంటర్నెట్‌లో ‘ఫేక్ గీక్ గర్ల్’ అన్న నింద జోరుగా చెలామణి అయింది. ఆ పేరు పుట్టింది అక్కడే అయినా, ఆ అనుమానం మన కాలేజీ క్యాంటీన్లలోనూ ఉంది. ఈ విషయం మాట్లాడటానికి కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు ఒకరు, ఉత్తరాంధ్ర కళాశాలల్లో చాలాకాలంగా క్విజ్‌లు నడుపుతున్న మాస్టారు, పాలకొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతూ కాస్‌ప్లే, అంటే తనకిష్టమైన కథల్లోని పాత్రల వేషాలు, వేస్తున్న విద్యార్థిని మనతో ఉన్నారు. ముందుగా మీరు చెప్పండమ్మా.

విద్యార్థిని: నమస్కారమండీ. ఒక నగరంలో జరిగిన కామిక్స్ ఉత్సవానికి నేను అనిమే యోధురాలి వేషంలో వెళ్లాను. కవచం నేనే చేసుకున్నాను. ఈవీఏ ఫోమ్ అనే స్పంజు లాంటి షీటును కాగితపు నమూనా ప్రకారం కోసి, వేడిగాలి ఊదే హీట్ గన్‌తో వేడిచేసి, అది మెత్తబడిన క్షణంలోనే మోకాలి మీద పెట్టి భుజానికి సరిపడే వంపు తీసుకురావాలి. ఆలస్యం చేస్తే బిగుసుకుపోతుంది, వేడి ఎక్కువైతే పైపొర కమిలిపోతుంది. అంచులు జిగురుతో అతికి, అతుకు కనబడకుండా గరుకు కాగితంతో రుద్ది, రంగును ఫోమ్ పీల్చేయకుండా ముందుగా ఒక పూత వేసి, అది ఆరిన తర్వాతే వెండి రంగు వేయాలి. అక్కడ నన్ను ఆపినవారిలో కొందరు ఈ పని గురించి ఒక్క మాట కూడా అడగకుండా, ఆ కథలో ప్రతినాయకుడి కత్తి పేరేమిటో చెప్పమన్నారు. చెప్పాను. అంతకంటే కష్టమైనది ఇంకొకటి అడిగారు. అదీ చెప్పాను. అప్పుడు, మాంగా, అంటే ఆ కథ జపాన్ కామిక్ పుస్తకాలు, మొత్తం చదివావా, అనిమే మాత్రమే చూశావా అని మొదలుపెట్టారు. నా పక్కనే అదే కథలోని వేషంలో మా తరగతి అబ్బాయి నిలబడి ఉన్నాడు. అతని దుస్తులు ఆన్‌లైన్‌లో కొన్నవి. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

సమన్వయకర్త: మాస్టారూ, ప్రశ్నలు అడగడమే మీ వృత్తి. దీన్ని మీరెలా చూస్తారు?

క్విజ్ మాస్టారు: ఆ కుర్రాళ్లు అడిగిన తీరు తప్పు, అందులో సందేహం లేదు. కానీ ప్రశ్న అడగడాన్నే నేరంగా చూస్తే మాత్రం నేను ఒప్పుకోలేను. మా రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి కామిక్స్ తెచ్చుకుని చదివే కుర్రవాడిని ఇంట్లో పనికిమాలినవాడని తిట్టేవారు, తోటి పిల్లలు వెక్కిరించేవారు. అలా మాటలు పడి దాచుకున్న ఇష్టమది. ఇప్పుడు సినిమాల పుణ్యమా అని అదే ఫ్యాషన్ అయి, బొమ్మ ఉన్న టీషర్టు వేసుకున్న ప్రతివారూ అభిమానులమని చెప్పుకుంటుంటే, అసలు కథ తెలుసా అని అడగాలనిపించడం సహజం. జ్ఞానానికి ఒక కొలత ఉండాలి. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమె ఆడదని బరువు తగ్గించమని అడగలేదు, కొలత వద్దనలేదు. కొలత ఉంది కాబట్టే ఆమె గొప్పతనం ఎవరూ కాదనలేనిదయింది.

అధ్యాపకురాలు: మాస్టారూ, మీ ఉదాహరణనే పట్టుకుని మాట్లాడతాను. బరువులెత్తే పోటీలో నియమాలు ముందే అందరికీ తెలుసు, ఆ విభాగంలో నిలబడిన ప్రతి ఒక్కరికీ అవే నియమాలు. తర్వాతి ప్రయత్నానికి ఎంత బరువు వేయాలో ఎత్తే మనిషే చెబుతుంది. ఎత్తి దించిన తర్వాత ప్రేక్షకుల్లోంచి ఒకరు లేచి వచ్చి ఇంకో రెండు బరువు పళ్లేలు తగిలించరు. ఈ అమ్మాయికి జరిగింది సరిగ్గా అదే. జవాబు చెప్పినకొద్దీ ప్రశ్న పెరిగింది, పక్కనున్న అబ్బాయికి అసలు ప్రశ్నే లేదు. కొలత ఉండాలన్న మీ మాటను నేను పూర్తిగా గౌరవిస్తాను, అయితే దీన్ని కొలత అనలేం.

సమన్వయకర్త: ఈ అనుమానం కొత్తదా మేడమ్, పాతదా?

అధ్యాపకురాలు: కంప్యూటర్ ఎంత పాతదో అంత పాతది. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ యంత్రాన్ని ప్రజలకు ప్రదర్శించారు. గది నిండా పరుచుకున్న యంత్రం, దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు. దానికి ప్రోగ్రాములు సిద్ధం చేసినవారు ఆరుగురు మహిళలు. వారికి పాఠ్యపుస్తకం లేదు, ప్రోగ్రామింగ్ భాష అన్నదే ఇంకా పుట్టలేదు. యంత్రం తాలూకు సర్క్యూట్ చిత్రాలు ముందు పెట్టుకుని, అది ఎలా పనిచేస్తుందో తామే తెలుసుకుని, తీగలు మార్చి, మీటలు తిప్పి లెక్క చేయించారు. ప్రదర్శన రోజున ఫిరంగి గుండు ప్రయాణ మార్గాన్ని లెక్కగట్టిన ప్రోగ్రామును బెట్టీ స్నైడర్, బెట్టీ జెన్నింగ్స్ తయారుచేశారు. నలభై ఏళ్లు గడిచాక, 1980లలో, కేథీ క్లైమన్ అనే విద్యార్థిని ఆ పాత ఫొటోలు చూసి, యంత్రం పక్కన ఉన్న ఈ స్త్రీలెవరని విచారిస్తే, అందం కోసం నిలబెట్టిన మోడళ్లని జవాబు వచ్చింది. ఆమె ఆ మాటతో ఊరుకోకుండా వెతికింది కాబట్టి ఆ ఆరుగురి పేర్లు మనకు దక్కాయి. యంత్రం పక్కన మగవాడు నిలబడితే ఇంజనీరు, ఆడది నిలబడితే అలంకారం. ఈ అమ్మాయిని కత్తి పేరు అడిగినవారి మనసులోనూ ఆ ఫొటోయే ఉంది.

క్విజ్ మాస్టారు: అది అన్యాయమే. కానీ అక్కడి లెక్క ఇక్కడికి వర్తిస్తుందా మేడమ్? అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకునేవారిలో మహిళలు 1984 ప్రాంతంలో సుమారు 37 శాతం దాకా ఉండి, తర్వాతి పాతికేళ్లలో 18 శాతం దగ్గరికి పడిపోయారని చదివాను. మన దగ్గర అలా కాదే! విజయనగరంలోగానీ, శ్రీకాకుళంలోగానీ ఏ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లినా సీఎస్ఈ సెక్షన్ల నిండా అమ్మాయిలే.

అధ్యాపకురాలు: మీరు అసలు చోటికే వచ్చారు. అక్కడ ఇళ్లలోకి వచ్చిన తొలి కంప్యూటర్లను మగపిల్లల ఆటవస్తువులుగా అమ్మారు, దాంతో ఆడపిల్లలు వెనకబడ్డారు. మన దగ్గర ఆడపిల్లలు వెనకబడలేదు, మార్కుల్లో ముందున్నారు. అయినా అనుమానం పోలేదు, రూపం మార్చుకుంది. అబ్బాయికి కోడింగ్ వస్తే ‘వాడికి అదంటే పిచ్చి’ అంటారు, అమ్మాయికి వస్తే ‘బట్టీ పట్టింది’ అంటారు. మా ల్యాబులో ఒక విద్యార్థిని రాత్రంతా కూర్చుని చిన్న గేమ్ ఒకటి స్వయంగా రాసుకొచ్చింది. చూసిన సహాధ్యాయులు వేసిన మొదటి ప్రశ్న, ఎవరు చేసిపెట్టారని. తెలియకపోతే నకిలీ, తెలిస్తే బట్టీ. ఏ జవాబు చెప్పినా నెగ్గే దారి లేనప్పుడు దాన్ని పరీక్ష అని ఎలా అంటాం? అవతలి మనిషి ముందే తీర్పు రాసుకుని, ఆ తర్వాత ప్రశ్నపత్రం తయారుచేస్తున్నాడు. నన్ను బాధించేది ఇదే.

(ఇక్కడ మాస్టారు ఏదో చెప్పబోయి ఆగారు. చర్చ అసలు మలుపు తిరిగింది ఈ మాట దగ్గరేనని మా అభిప్రాయం.)

సమన్వయకర్త: ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే ఈ కాపలా మగవారు మాత్రమే కాస్తున్నారా?

విద్యార్థిని: లేదండీ. ‘నేను మిగతా అమ్మాయిల్లాంటిదాన్ని కాదు, నిజంగా ఆడతాను’ అని చెప్పుకునే అమ్మాయిలు మా హాస్టల్లోనే ఉన్నారు. అలా అంటే అబ్బాయిల గుంపులో చోటు దొరుకుతుంది. దొరికిన చోటు పోకుండా ఉండటానికి, తర్వాత వచ్చిన అమ్మాయిని వారే ఎక్కువ గట్టిగా పరీక్షిస్తారు. వారి మీద నాకు కోపం లేదు. ఉన్నది ఒక్క కుర్చీయేనని నమ్మిస్తే మనిషి అలాగే ప్రవర్తిస్తుంది.

అధ్యాపకురాలు: నాకు ఒక సందేహం ఉంది, దాచకుండా చెబుతాను. కాస్‌ప్లే మీద నాకు పూర్తి నమ్మకం కుదరడం లేదు. కోడ్ రాసే అమ్మాయికి ఆ కోడే సాక్ష్యం. వేషం వేసుకున్నాక జనం చూసేది మనిషినే. ఎంతో కష్టపడి ఆడపిల్లలు అలంకారం నుంచి బయటికి వస్తుంటే, ఇది వారిని మళ్లీ అక్కడికే తీసుకుపోతుందేమోనని నా భయం.

విద్యార్థిని: మేడమ్, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కవచంలో కొలతలున్నాయి, జ్యామితి ఉంది, ఏ పదార్థం ఎంత వేడికి వంగుతుందన్న జ్ఞానం ఉంది. వాటిని చూడకుండా నా ముఖమే చూస్తే, లోపం చూసేవారిలో ఉంది. వారి చూపు కోసం నేను కవచం మానుకుంటే, రేపు వారి మాట కోసం కోడ్ కూడా మానుకోవాల్సి వస్తుంది.

క్విజ్ మాస్టారు: ఇందులో నేను అమ్మాయి పక్షం. వేషం మన నేలకు కొత్త కాదు, పగటివేషగాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే జనం నీరాజనం పట్టారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. మగవాడు స్త్రీ వేషం కడితే దాన్ని కళ అన్నాం, ఎవరూ నకిలీ అనలేదు. మరి ఆడపిల్ల తాను ప్రేమించిన పాత్ర వేషం తన చేతులతో కుట్టుకుని వేసుకుంటే ప్రదర్శన పిచ్చి అనడం ఏం న్యాయం?

సమన్వయకర్త: రాతలో కూడా ఇలాంటి చరిత్ర ఉంది కదా మాస్టారూ?

క్విజ్ మాస్టారు: చాలా ఉంది. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ అనే సైన్స్ ఫిక్షన్ రచయితది తిరుగులేని మగ గొంతుక అని 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ వంటి పెద్ద రచయితే రాశాడు. రెండేళ్లు తిరగకుండానే ఆ పేరు వెనక ఉన్నది ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ అని లోకానికి తెలిసింది. మన దగ్గర ఇదే వ్యవహారం తిరగబడింది. రచయిత్రుల నవలలకు గిరాకీ పెరిగిన రోజుల్లో కొందరు మగవారు ఆడపేర్లతో రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు ‘పురాణం సీత’ పేరుతో రాసిన ఇల్లాలి ముచ్చట్లు ఎంత ఆదరణ పొందాయో పాత పాఠకులకు తెలుసు. చదువుతున్నప్పుడు తేడా కనిపెట్టడం తేలిక కాదు. అసలుతనం రచనలో కనబడే గుణమే అయితే, ఆ రెండు చోట్లా అది కనబడి తీరాలి కదా!

అధ్యాపకురాలు: ఆడవారు ఈ రంగానికి ఆలస్యంగా వచ్చారన్న మాట కూడా నిలవదు. 1905లోనే మద్రాసు నుంచి వెలువడిన ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో బెంగాల్ రచయిత్రి రుకయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ ప్రచురించారు. స్త్రీలు సౌరశక్తిని వాడుకుంటూ, గాలిలో ఎగిరే బండ్లలో తిరిగే దేశం ఆ కథలో ఉంది.

సమన్వయకర్త: గేమ్స్ సంగతి ఒక్క మాటలో చెప్పండమ్మా.

విద్యార్థిని: మా హాస్టల్లో ఆడేవారిలో చాలామంది అబ్బాయి పేరుతో ఐడీ పెట్టుకుని, మైకు ఆపేసి ఆడతారు. గొంతు వినబడితే ఆట ఆగిపోయి, నువ్వు నిజంగా అమ్మాయివేనా, నీ బదులు ఎవరు ఆడుతున్నారు అన్న విచారణ మొదలవుతుంది. మైకు లేకపోతే జట్టుతో సమన్వయం కుదరదు, ఓడిపోతాం. అప్పుడు అమ్మాయిలకు ఆట రాదంటారు.

సమన్వయకర్త: చివరిగా, మన జిల్లాల్లో వెంటనే మారవలసినది ఏది?

విద్యార్థిని: మాస్టారూ, మీ ముందే చెబుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మన దగ్గర జరిగే క్విజ్‌ల ఫైనల్, గేమింగ్ పోటీల ఫైనల్ సాయంత్రం పొద్దుపోయాక పెడతారు. హాస్టల్ గేటు మూసే వేళ అవుతుంది, రాజాం, పాలకొండ వైపు ఊళ్లకు వెళ్లేవారికి బస్సు తప్పిపోతుంది. అందుకని అమ్మాయిలు సెమీఫైనల్ అయ్యాక లేచి వెళ్లిపోతారు. మర్నాడు, ‘వీళ్లకు నిజమైన ఆసక్తి ఉంటే చివరిదాకా ఉండేవారు’ అన్న మాట వినబడుతుంది. అబ్బాయి ఇంటర్నెట్ సెంటర్లో రాత్రి పదింటి దాకా కూర్చుని నేర్చుకున్నదాన్ని, అమ్మాయి తమ్ముడు ఫోను వాడనప్పుడు నేర్చుకుంటుంది. పది విషయాల్లో ఆరే తెలిసినా, ఆ ఆరు తెలుసుకోవడానికి ఆమె పడిన శ్రమ ఎక్కువ.

క్విజ్ మాస్టారు: సమయం నా చేతిలో ఉన్న విషయం. వచ్చే పోటీకి ప్రిలిమ్స్ ముందురోజు మధ్యాహ్నం పెట్టి, ఫైనల్ మర్నాడు ఉదయం పది గంటలకు పెడతాను. ప్రశ్నలు మాత్రం తగ్గించను.

విద్యార్థిని: తగ్గించవద్దు మాస్టారూ. అందరికీ అవే అడగండి.