పాతబస్తీ మెట్రో నోటీసు వచ్చింది, సంతకం పెట్టాలా వద్దా?

యాంకర్: హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి పాతబస్తీ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా వేసే మెట్రోలో ఆస్తులు పోతున్నవాళ్ల ఫోన్లు తీసుకుంటున్నాం, భూసేకరణ కేసులు చూసే లాయర్ గారు మనతో ఉన్నారు. శాలిబండ నుంచి కాల్, చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే సార్. మాది రోడ్డు మీదనే ఇల్లు, కింద రెండు మడిగెలు, పైన మేముంటం. కొలతలు తీస్కపోయిన్రు, గజానికి 81 వేలు అంటున్రు, సంతకం పెడితే చెక్కు జల్ది వస్తదంటున్రు, మా తమ్ముడేమో పెట్టకు, ఇది ఎన్నేండ్ల సంది గిట్లనే నడుస్తున్నది మళ్ల ఆగుతది అంటడు. ఏం చెయ్యాలె సార్?

లాయర్: అన్నా, ముందు ఆ కాగితం చదివించుకోండి. రేటుకి ఒప్పుకుంటున్నా అని కన్సెంట్ మీద సంతకం పెడితే తర్వాత ఇంకా కావాలని అడగడం దాదాపు కుదరదు. ఒప్పుకోకపోతే 2013 భూసేకరణ చట్టం కింద కలెక్టర్ అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు ఇస్తారు, అందులో భూమి రేటు ఒక్కటే చూడకండి, కట్టడం విలువ వేరే కట్టాలి, ఆ మొత్తం మీద నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం, భూమి విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. ఇవన్నీ కలిపి లెక్క వేయించి, అప్పుడు 81 వేలతో పోల్చుకోండి.

కాలర్: మరి చెక్కు తీస్కుంటే కేసు పోతదా?

లాయర్: అక్కడే చాలామంది దెబ్బతింటారు. అవార్డు చెక్కు తీసుకునేటప్పుడు 'అండర్ ప్రొటెస్ట్', అంటే అభ్యంతరంతోనే తీసుకుంటున్నా అని రాసివ్వండి, అది రాయకుండా తీసుకుంటే పరిహారం పెంచమని అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు మీరు అక్కడ ఉంటే ఆరు వారాల్లోపు కలెక్టర్‌కి రిఫరెన్స్ అప్లికేషన్, అంటే పరిహారం విషయం పై అథారిటీకి పంపమని దరఖాస్తు పెట్టాలి, ఆ గడువు దాటనివ్వకండి.

యాంకర్: అలియాబాద్ నుంచి ఒక అక్క ఉన్నారు.

కాలర్: సార్ మాది కిరాయి మడిగె, టైలరింగ్, శాన ఏండ్లయింది. ఓనర్‌కి పైసలొస్తయి, మాకేమొస్తది? అగ్రిమెంట్ లేదు, కిరాయి చేతికే ఇస్తం.

లాయర్: అమ్మా, మూడేళ్లుగా అక్కడే పని చేస్తూ అదే బతుకుతెరువైతే సొంత భూమి లేకపోయినా బాధిత కుటుంబమే, చట్టంలో ఉంది. కరెంటు బిల్లు, ట్రేడ్ లైసెన్సు, మీ పేరున ఆ అడ్రసుతో ఏ కాగితం ఉన్నా తీయండి, జిరాక్సులు పెట్టి కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. నోటితో చెప్పింది ఏ ఫైల్లోనూ ఉండదు. ఓనర్‌తో గొడవ పడకండి, ఆయన పరిహారం వేరు మీది వేరు.

యాంకర్: చాంద్రాయణగుట్ట నుంచి ఒక తమ్ముడు, కాలేజీ స్టూడెంట్.

కాలర్: సార్, నేను రోజూ అమీర్‌పేట పోతా, బస్సులో నిలబడే. అందరూ వద్దు వద్దంటే మాకు ట్రైన్ ఎప్పుడొస్తది? అటు జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా ఎప్పుడో వచ్చింది కదా.

లాయర్: 2020 ఫిబ్రవరి 7న మొదలైంది నాన్నా. ఫలక్‌నుమా దాకా మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు మొదటి ప్లాన్‌లోనే ఉన్నాయి, రూటు మార్చాలన్నారు, మసీదులు, మొహర్రం పీర్లుంచే ఆషూర్‌ఖానాలు, గుళ్లు పోతాయన్నారు, ఆ పేచీ తేల్చకుండానే ఏళ్లు గడిపేశారు. 2024 మార్చి 8న మళ్లీ శంకుస్థాపన చేసి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు అన్నారు, పాత కట్టడాలు దెబ్బతింటాయని హైకోర్టులో పిల్, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా పడింది. అభ్యంతరం చెప్పడం తప్పు కాదు, తమ ఇల్లు పోతుంటే ఎవరైనా అడుగుతారు, నాకు కోపం అంతా తేల్చనివాళ్ల మీదే. లైన్ వస్తుందో రాదో తెలియక ఆ రోడ్డులో జనం ఇంకో అంతస్తు వేసుకోలేరు, అమ్ముకుందామంటే కొనేవాడు రాడు, లోను అడిగితే బ్యాంకు వెనకాడుతుంది, మీకేమో ట్రైనూ రాదు.

కాలర్: మరి మేమేం చెయ్యాలి సార్?

లాయర్: పది రూపాయలతో ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు వెయ్యి. ఎన్ని ఆస్తులకి అవార్డు అయింది, ఎన్ని కోర్టులో ఉన్నాయి, మతపరమైన కట్టడాల దగ్గర డిజైన్ ఎలా మార్చారు, ఈ మూడూ విడివిడిగా అడుగు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ ఆఫీసులోనే పై అధికారికి ఫస్ట్ అప్పీల్ వెయ్యి. వచ్చిన జవాబు పట్టుకుని మీ కార్పొరేటర్ దగ్గరికీ ఎమ్మెల్యే దగ్గరికీ నువ్వొక్కడివే కాదు, బస్సులో నీతో నిలబడేవాళ్లందరూ వెళ్లండి.