మొదటి సింగిల్‌లో గొంతుకు చోటు

అందరికీ నమస్కారం. సొంతంగా పాట రాసుకుని, సొంత గొంతుతో పాడి, మొదటి సింగిల్ (విడిగా విడుదల చేసే ఒక్క పాట) వదలబోతున్నవాళ్ల కోసం ఈ ప్రసంగం. పాప్-రాక్ పాటలో శ్రోతకు గుర్తుండిపోయేది గొంతు. గిటార్ టోన్ బాగుందని రెండోసారి వినేది తోటి గిటారిస్టులే. అందుకే శ్రుతి ఎంచుకోవడం దగ్గర్నుంచి మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే ఆఖరి మెరుగు) దాకా ఏం చేసినా, అది గొంతుకు చోటిస్తోందా, ఉన్న చోటు లాక్కుంటోందా అని చూసుకోవాలి.

ముందు శ్రుతి. గిటార్ మీద వేళ్లకు వీలుగా ఉందని చాలా పాటలు జి మేజర్‌లోనో ఈ మైనర్‌లోనో పుడతాయి. అంటే శ్రుతిని వేళ్లు ఎంచుకున్నాయన్నమాట. కోరస్‌లో, అంటే పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే భాగంలో, అన్నిటికన్నా పై స్వరం ఉన్న లైను పట్టుకుని వరుసగా 20 సార్లు పాడి చూడండి. ఇరవయ్యోసారి కూడా గొంతు బిగుసుకోకపోతే ఆ శ్రుతి మీకు సరిపోయింది. స్టూడియోలో ఒక్క టేకు కుదిరితే చాలు కదా అనుకుంటే, పాట ఆడాక ప్రతి వేదిక మీదా అదే లైను పాడాల్సి వస్తుంది. అలాగని మరీ కిందికి దించితే కోరస్ చప్పబడుతుంది. ఈ తరహా పాటకు పై స్వరం దగ్గర కాస్త శ్రమ వినబడాలి. శ్రుతి మార్చాలంటే కార్డుల ఆకారాలు, అంటే తీగల మీద వేళ్లు పెట్టే తీరు, మార్చక్కర్లేదు. జి ఆకారాలే వాయిస్తూ గిటార్ మెడ మీద రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెడితే ఏ మేజర్ వస్తుంది. కేపో బిగించాక మళ్లీ ట్యూన్ చేయాలి, ఎందుకంటే ఆ ఒత్తిడికి తీగలు కొంచెం పైకి పోతాయి. ఇది మరిచిపోతే తర్వాత ఎక్కించిన కీబోర్డుకూ గిటార్‌కూ పొసగదు. ఎవరి తప్పో తేలక ఒక పూట పోతుంది.

తర్వాత కొలతలు. టెంపో (పాట వేగం) నిమిషానికి 100 బీట్లు, నాలుగు బీట్లకు ఒక బార్ అనుకుందాం. ఒక్కో బార్‌కు 2.4 సెకన్లు. నాలుగు బార్ల ఇంట్రో, పదహారు బార్ల చరణం, నాలుగు బార్ల ప్రీ-కోరస్ (చరణం నుంచి కోరస్‌కు తీసుకెళ్లే ముక్క) పెడితే కోరస్ మొదలయ్యేసరికి 57.6 సెకన్లు. పల్లవితోనే మొదలయ్యే పాటలు విని పెరిగిన చెవికి ఇది మరీ ఆలస్యం. ఇంట్రో రెండు బార్లకు, చరణం ఎనిమిదికి తగ్గిస్తే 33.6 సెకన్లకు కోరస్ వచ్చేస్తుంది. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే అది ఒక స్ట్రీమ్‌గా లెక్కలోకి వస్తుంది. ఆలోపు శ్రోత పాట మార్చేస్తే లేనట్టే. అయితే ఈ లెక్కకు భయపడి చరణాన్ని నరికేయకండి. మొదటి చరణంలో పూర్తయిన మాట ఒకటి ఉండాలి. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్నది అందకపోతే, కోరస్ ఎంత తొందరగా వచ్చినా ఖాళీ కేకలా ఉంటుంది.

ఏ పాటను ముందు వదలాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. 1978 జనవరిలో బ్రిటన్‌లో గాయని కేట్ బుష్ తొలి సింగిల్ ‘వదరింగ్ హైట్స్’ వచ్చింది. ఆమె రికార్డు కంపెనీ ఈఎంఐ వాళ్లు ముందు వదలాలనుకున్నది ‘జేమ్స్ అండ్ ద కోల్డ్ గన్’. రికార్డు కంపెనీ లెక్కలో గిటార్లున్న రాక్ పాటే భద్రం. ఆమె ‘వదరింగ్ హైట్స్’కే పట్టుబట్టింది. మార్చిలో అది చార్టులో ఒకటో స్థానానికి చేరి నాలుగు వారాలు అక్కడే ఉంది. సొంతంగా రాసిన పాటతో బ్రిటన్‌లో ఒకటో స్థానం అందుకున్న తొలి మహిళ ఆమే, అప్పటికి 19 ఏళ్లు. ఇంకొకరు పాడితే ఇలా ఉండదు అనిపించే గొంతు ఆ రికార్డు మొదటి లైనులోనే వినబడుతుంది. ఇయాన్ బెయిర్న్‌సన్ వాయించిన గిటార్ సోలో పాట ముగింపులో గానీ రాదు. మీ దగ్గర నాలుగు పాటలుంటే, వాద్యాలన్నీ తీసేసి ఒక్క గిటార్‌తోనో పియానోతోనో పాడి చూడండి. ఏది విని ‘ఇది నీ పాట’ అంటారో అదే ముందు వదలండి.

ఇక స్టూడియో. క్లిక్ (హెడ్‌ఫోన్‌లో బీట్లు లెక్కపెట్టే టిక్కు శబ్దం) పెట్టుకుని గిటార్‌తో గైడ్ ట్రాక్ (మిగతా వాద్యాలకు దారి చూపే తాత్కాలిక ట్రాక్) పాడండి, దాని మీద డ్రమ్స్, బేస్, గిటార్లు, చివర్లో అసలు గొంతు. గిటార్ తీగలు ముందురోజే మార్చుకోవాలి. అప్పటికప్పుడు వేసిన కొత్త తీగలు గంటపాటు సాగుతూనే ఉంటాయి. కోరస్ వెడల్పుగా వినబడాలంటే రిథమ్ గిటార్‌ను రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పంపాలి. చాలామంది ఒకే టేకును కాపీ చేసి రెండు వైపులా పెడతారు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే కాబట్టి శబ్దం మధ్యలోకే వచ్చి కూర్చుంటుంది, కాకపోతే బిగ్గరగా. కాపీని 15 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే హెడ్‌ఫోన్‌లో వెడల్పనిపిస్తుంది గానీ, ఒకే స్పీకరున్న ఫోనులో రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు పరస్పరం చంపుకుంటాయి, గిటార్ డొల్లగా మోగుతుంది. రెండుసార్లు వాయించడమే దీనికి మందు. ఈ జోడీని చరణంలో వాడకండి. అక్కడ ఒక్క గిటారే ఉంటే, కోరస్‌లో రెండోది చేరినప్పుడు, గొంతు అదే స్థాయిలో ఉన్నా పాట లేచినట్టనిపిస్తుంది.

గొంతు రికార్డింగ్‌కు మైకు నుంచి నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ పలికేటప్పటి గాలి దెబ్బను ఆపే తెర). కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకుకు ఇంకా దగ్గరకు జరిగితే కింది స్థాయి స్వరాల శబ్దం ఉబ్బుతుంది. చరణం దగ్గరగా, కోరస్ దూరంగా పాడితే రెండూ ఇద్దరు మనుషులు పాడినట్టుంటాయి. 24 బిట్ నాణ్యతలో రికార్డు చేసేటప్పుడు పీకులు (శబ్దం అన్నిటికన్నా పైకెగసే చోట్లు) మీటరులో మైనస్ 10 డీబీ (డెసిబెల్) దగ్గర ఆగితే చాలు. మీటరు ఎర్రబడే దాకా పెంచితే మిగిలేది పగిలిన శబ్దమే, దాన్ని తర్వాత ఎవరూ అతికించలేరు. హెడ్‌ఫోన్‌లో మ్యూజిక్ హోరెక్కువైతే శ్రుతి జారుతుంది. అప్పుడు ఒక చెవి బయటపెట్టి పాడండి, మీ గొంతు గదిలో మీకే వినబడుతుంది. చెవి మీంచి తీసిన ఆ హెడ్‌ఫోన్ కప్పును తలకు ఆనించి మూయకపోతే క్లిక్ మైకులోకి కారి, నెమ్మదైన బ్రిడ్జ్‌లో (చరణమూ కోరసూ కాకుండా మధ్యలో వచ్చే భాగంలో) టిక్కుటిక్కుమంటుంది.

పాట మొత్తం నాలుగైదు టేకులు పాడి, వాటిలో మంచి లైన్లు ఏరి కూర్చడాన్ని కాంపింగ్ అంటారు. తప్పేం లేదు. మాటకొక టేకు అతికిస్తే మాత్రం ఊపిరి ఎక్కడ తీసుకున్నారో తెలియని పాట తయారవుతుంది. ఊపిరి నుంచి ఊపిరి దాకా ఒక ముక్కగా తీసుకుంటే అతుకు కనబడదు. కోరస్‌లో గొంతును డబుల్ చేసినప్పుడు, అంటే అదే లైను మళ్లీ పాడి మొదటిదానికి కలిపినప్పుడు, రెండో ట్రాకులో స, ష, ట అక్షరాలు మెత్తగా పలకండి. లేకపోతే ప్రతి స దగ్గరా రెండు సార్లు బుసకొడుతుంది.

మిక్సింగ్‌లో అందరూ పడే గొయ్యి ఒకటుంది. గొంతు మునిగిపోతోందని దాన్ని పెంచడం, అప్పుడు గిటార్ చిన్నదైందని దాన్ని పెంచడం. గొంతులో మాట స్పష్టతా, డిస్టార్షన్ గిటార్ కరుకుదనమూ రెండూ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే కాపురముంటాయి. గిటార్లలో 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2, 3 డీబీ తగ్గించి చూడండి, గొంతు ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) ముట్టుకోకుండానే మాటలు పైకి తేలతాయి. గిటార్లకు 100 హెర్ట్జ్ కింద కోసేస్తే బేస్‌కూ కిక్ డ్రమ్‌కూ చోటు దొరుకుతుంది. తర్వాత స్పీకర్లను గుసగుస స్థాయికి తగ్గించి వినండి. ఆ సన్నటి శబ్దంలోనూ మాటలు అర్థమవుతుంటే మిక్స్ నిలబడినట్టే.

మాస్టరింగ్‌లో బిగ్గరతనం పోటీ ఇప్పుడు వృథా. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనానికి కొలమానం) స్థాయికి తెస్తుంది, మీరు అంతకన్నా బిగ్గరగా మైనస్ 7కు నలిపి పంపినా కిందికి దించుతుంది. నలిగిన పాటలో చరణమూ కోరసూ ఒకే ఎత్తులో ఉంటాయి, గిటార్ల జోడీతో తెచ్చిన ఆ లేపు అక్కడే పోతుంది.

కాగితాల గురించి క్లుప్తంగా. పాట రాసినవాళ్ల హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. ట్యూనులో సాయంచేసిన స్నేహితుడికి ఎంత వాటా అన్నది ఆ రోజే శాతాల్లో రాసి సంతకాలు పెట్టుకోండి. పాట ఆడాక అడిగితే ఎవరి జ్ఞాపకం వారిదే. ప్రతి రికార్డింగ్‌ను విడిగా గుర్తుపట్టడానికి అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఉంటుంది. అకూస్టిక్ వెర్షన్ చేస్తే దానికి ఇంకో కోడ్ తీసుకోవాలి. పాత కోడే తగిలిస్తే రెండు వెర్షన్ల లెక్కలూ కలిసిపోతాయి. స్పాటిఫై ఎడిటర్లకు (ప్లేలిస్టులు కూర్చేవాళ్లకు) పాట పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి, కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌కు (పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే కంపెనీకి) ఫైళ్లు మూడు, నాలుగు వారాల ముందే ఇవ్వండి. గొంతు తీసేసిన ఇన్‌స్ట్రుమెంటల్ మిక్సును కూడా మిక్సింగ్ పూర్తయిన రోజే ఎక్స్‌పోర్ట్ చేయించుకోండి. ఆరు నెలల తర్వాత సెషన్ (పాట రికార్డింగ్ ఫైలు) తెరిస్తే అందులో వాడిన ప్లగిన్లలో (శబ్దాన్ని మలిచే చిన్న సాఫ్ట్‌వేర్లలో) సగం పనిచేయవు.