ఊరికో డిటెక్టివ్: 'టాట్‌ఓర్ట్' గురించి

మిత్రులారా,

జర్మనీలో ఆదివారం రాత్రి 8 గంటల వార్తలు పావుగంటలో ముగుస్తాయి. 8:15కి తెర మీద ఒక జత కళ్లు, వాటికి గురిపెట్టిన గీతలు, ఆ తర్వాత తడి రోడ్డు మీద పరుగెత్తే కాళ్లు కనిపిస్తాయి. 'టాట్‌ఓర్ట్', అంటే నేరం జరిగిన చోటు, మొదలైందన్నమాట. 1970 నవంబరు 29 నుంచి ఈ ధారావాహిక నడుస్తూనే ఉంది. ఆ కళ్లూ కాళ్లూ హోర్స్ట్ లెటెన్‌మాయర్ అనే నటుడివి. అందుకు ఆయన చేతికి వచ్చింది 400 మార్కులట, అంటే అప్పటి జర్మన్ డబ్బు!

ఇన్నేళ్లు నిలిచింది హంతకుడెవరన్న ఉత్కంఠ వల్లే అంటే నేను ఒప్పుకోను. చాలా భాగాల్లో వాడెవడో మనకు ముందే తెలిసిపోతుంది. నిలబెట్టింది ఊరు. మన దేశంలోలాగే అక్కడ కూడా పోలీసు శాఖ ప్రధానంగా రాష్ట్రాల చేతిలోదే. ప్రసారం చేసే ఏఆర్‌డీ కూడా ప్రాంతీయ సంస్థల కూటమే. కాబట్టి ఎవరి ఊరి కథలు వారు, తమ డిటెక్టివ్‌లతో తీసుకుంటారు. కొలోన్‌కు ఒక జంట, మ్యున్‌స్టర్‌కు మరో జంట. మ్యూనిక్‌లో బటిచ్, లైట్‌మాయర్ 1991లో నల్లజుట్టుతో చేరి, తల నెరిసేదాకా శవాల చుట్టూనే తిరిగారు.

వీళ్లందరిలో నాకు ఇష్టుడు డూయిస్‌బుర్గ్ షిమాన్స్కీ. 1981లో గోట్స్ జార్జ్ ఆ పాత్రలో తొలిసారి కనిపించినప్పుడు వంటగది నిండా ఎంగిలి గిన్నెలు. గుడ్డు వేయించుకుందామంటే కడిగిన పెనం ఒక్కటీ లేదు. గుడ్లు గ్లాసులో కొట్టుకుని పచ్చివే తాగేసి డ్యూటీకి బయలుదేరాడు. అంతవరకు తెర మీద పోలీసంటే కోటు, టై, మర్యాద. ఈయనేమో బూతులాడతాడు, చెయ్యి చేసుకుంటాడు. ఉక్కు కర్మాగారాల పొగ నేపథ్యంలో తమ ఊరిని ఇలా చూపిస్తారా అని అక్కడి పెద్దలు కొందరు మండిపడ్డారు. తర్వాత ఆ ఊరే ఆయనను సొంతం చేసుకుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ సీరియల్‌ను నమ్మకండి. జర్మన్ చట్టం ప్రకారం దర్యాప్తుకు సారథి ప్రాసిక్యూటర్. తెర మీద ఆయన తలుపు తోసుకొచ్చి విసుక్కుని వెళ్లే పాత్ర. నిజంగా హత్య జరిగితే పెద్ద బృందమే దిగుతుంది. ఇక్కడ ఇద్దరే, అందులోనూ సగం సమయం ఒకరితో ఒకరు పోట్లాటే. అయినా తెర మీద కేసు తేలిపోవడం పూర్తిగా కల్పనేమీ కాదు. అక్కడ హత్య కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులెవరో తేలుతుంది.

బెర్లిన్ గోడకు అవతలి కథ ఇంకా ఆసక్తికరం. తూర్పు జర్మనీ 1971 జూన్‌లో పోటీగా 'పోలిట్‌సైరూఫ్ 110' మొదలుపెట్టింది. 110 పోలీసుల ఫోన్ నంబరు. సోషలిస్టు దేశంలో హత్యలా! అందుకే దొంగతనాలు, మోసాలు, తాగుడు, చితికిన కాపురాల కథలే ఎక్కువ. కానీ మొదటి భాగంలోనే వేరా ఆర్న్‌ట్ అనే మహిళా లెఫ్టినెంట్ ఉంది. పశ్చిమాన 'టాట్‌ఓర్ట్' తొలి మహిళా డిటెక్టివ్ కోసం 1978 దాకా ఆగాల్సివచ్చింది. దేశాలు ఏకమయ్యాక తూర్పు టీవీ మూతపడింది గానీ ఈ సీరియల్ మిగిలింది. ఇప్పుడు అదే ఏఆర్‌డీలో, అదే ఆదివారం, 'టాట్‌ఓర్ట్'తో వంతులు పంచుకుంటోంది.

ఈ రోజు ప్రదర్శిస్తున్నది 'టాట్‌ఓర్ట్' తొలి భాగం. లైప్‌జిగ్ దగ్గర హైవే పక్కన ఒక పిల్లవాడి శవం. కాళ్లకు పశ్చిమ జర్మనీలో తయారైన బూట్లు. తూర్పు అధికారులు సాయం అడిగి, అంతలోనే వద్దంటారు. హాంబుర్గ్ డిటెక్టివ్ ట్రిమెల్‌కు అనుమానం. తూర్పు జర్మనీ గుండా పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే ఆ రహదారి వదిలి పక్కకు దిగడం పశ్చిమ జర్మనులకు నిషేధం. ఆయన దిగుతాడు, లైప్‌జిగ్‌కు టాక్సీ ఎక్కుతాడు. ఎందుకో నేను చెప్పను. సినిమా గంటన్నర, ప్రశ్నలేమైనా ఉంటే ఆ తర్వాత మాట్లాడుకుందాం.