ది రిలక్టెంట్ విడో రివ్యూ: ఎక్కింది వేరే బండి, తెల్లారేసరికి వితంతువు

హాయ్ అండీ అందరికీ! ఈరోజు పుస్తకం జార్జెట్ హేయర్ రాసిన ది రిలక్టెంట్ విడో. 1946లో వచ్చింది, కథ మాత్రం రీజెన్సీ రోజులది, అంటే ఇంగ్లండ్‌లో రాజుగారికి మతి చెడి 1811 నుంచి కొడుకు రాజ్యం చూసుకుంటున్నాడు చూడండి, అటు స్పెయిన్‌లో ఇంగ్లిష్ సేనాని వెల్లింగ్టన్ నెపోలియన్ సైన్యంతో కొట్లాడుతున్నాడు, ఆ టైమ్.

ఎలినోర్ అని ఒకమ్మాయి, ఉన్నదంతా పోయి గవర్నెస్ పనికని, అంటే ఒకరింట్లో ఉండి పిల్లలకి చదువు చెప్పడానికని, ససెక్స్‌లో ఒక పల్లెలో దిగుతుంది, అక్కడ ఆగున్న బండి తనకోసమే అనుకుని ఎక్కేస్తుంది. అది కార్లియన్ ప్రభువు పంపిన బండి, తాగుబోతు కజిన్ యూస్టేస్‌ని చేసుకోడానికి వచ్చే అమ్మాయి కోసం. ఎందుకంటే యూస్టేస్ పెళ్లికాకుండా చనిపోతే ఎస్టేట్ కార్లియన్‌కే వస్తుంది, ఆస్తి కోసమే ఇదంతా చేశాడని నలుగురూ అంటారు, ఆ మాట పడలేక ఈ పెళ్లి ప్లాన్. అదే రాత్రి యూస్టేస్‌కి కత్తిపోటు, మంచం పక్కనే పెళ్లి, తెల్లారేసరికి ఈమె వితంతువు!

ఇక యూస్టేస్‌ది పాడుబడ్డ ఇల్లు, పేరు హైనూన్స్, అక్కడే అసలు కథ. ఒక ఫ్రెంచ్ కుర్రాడు లోపల ప్రత్యక్షమవుతాడు, ఎంతో మర్యాదగా మాట్లాడతాడు, తలుపు తీసుందని వచ్చానంటాడు, తర్వాత చూస్తే ఇంట్లో రహస్య మెట్లున్నాయి. వెల్లింగ్టన్ యుద్ధ ప్లాన్ ఉన్న కాగితం ఒకటి ఎక్కడో దాచారు, దానికోసమే ఈ రాకపోకలన్నీ.

నాకు బాగా నచ్చింది యూస్టేస్‌కి ఇంకో కజిన్, ఫ్రాన్సిస్ షెవియట్ అండీ. సోకులరాయుడు, చలిగాలి పడదంటాడు, మెత్తగా మాట్లాడతాడు, కానీ అతను గదిలోకి వస్తే నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే చుట్టరికం మీద వచ్చిన మనిషిని మొహం మీద నువ్వు గూఢచారివా అని అడగలేరు, టీ ఇచ్చి కూర్చోబెట్టాలి, ఆ మర్యాదే ఇక్కడ సస్పెన్స్. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అదే ఇది. ఎవరో మాత్రం చెప్పను.

లవ్ స్టోరీ మాత్రం నాకు చాల్లేదు. కార్లియన్ ప్రతిదీ తాపీగా నవ్వి తేల్చేస్తాడు, ఎలినోర్‌కి ఒళ్లు మండుతుంది, ఆ కీచులాటలు భలే ఉంటాయి, కానీ అతనికి ప్రేమ ఎప్పుడు పుట్టిందో మనకి తెలియనివ్వకుండా చివర్లో పెళ్లి మాట ఎత్తేస్తాడు. ఇంకో రెండు సీన్లు ఉండాల్సింది. అయినా ఆ ఇంటి కోసం, బౌన్సర్ అనే కుక్క కోసం, ముఖ్యంగా ఫ్రాన్సిస్ కోసం చదవండి, చదివాక మీకు అతని మీద డౌట్ ఏ పేజీలో వచ్చిందో కింద రాయండి, నాకైతే అతను అడుగుపెట్టిన సీన్‌లోనే వచ్చేసింది.