ఇద్దరికీ సున్నానే, కానీ తప్పు ఒకటేనా? ప్రైమరీ క్లాసులో మూల్యాంకనం గురించి

(తెర మీద పలక. దాని మీద లెక్క: 52 – 27 = 35)

నమస్తే అండి. ఈ పలక చూడండి, మూడో తరగతి పాప చేసిన లెక్క అనుకుందాం. ఇంటు పెట్టి పక్క పలక తీసుకోవచ్చు, చాలా చోట్ల జరిగేది అదే. కానీ ఆ పాపను దగ్గర కూర్చోబెట్టుకుని "ఎట్ల చేసినావమ్మా?" అని అడిగి చూడండి. "రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకే ఏడులోంచి రెండు తీసినా" అంటుంది. అంటే తీసివేత వచ్చు, పదిని విడగొట్టి ఒకట్లలో కలుపుకోవడం ఒక్కటే రాలేదు. ఇంకో పిల్లోడు అదే లెక్కకు 79 రాస్తాడు, వాడు గుర్తు చూసుకోకుండా కూడేశాడు. ఇద్దరికీ పడేది సున్నానే, ఇద్దరికీ చెప్పాల్సింది మాత్రం వేరు వేరు.

మూల్యాంకనం అంటే మార్కులు వేయడమే అనుకుంటాం. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో కనిపెట్టడం దాని అసలు పని.

(తెర మీద: బేస్‌లైన్ టెస్ట్)

పిల్లలకు ఇప్పటికే ఏం వచ్చో, ఏం రాదో తెలుసుకోవడానికి జూన్‌లో బడి తెరవగానే చేసేది ఇది. చదవడం చూడాలంటే పెద్ద ప్రశ్నపత్రం అక్కర్లేదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూడటానికి 2005 నుంచి ఊళ్లలో జరుగుతున్న అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలా తేలిక: ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా ఇస్తారు, చదివితే రెండో తరగతి స్థాయి కథ, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చూస్తారు కాబట్టి పక్కవాళ్లది చూసి రాసే మాటే లేదు.

మన కర్నూలు జిల్లా సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి మిరప కోతలకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలు చాలా ఉన్నాయి, పిల్లలు కూడా వాళ్లతోనే పోతారు, నెలల తరబడి బడి మొహం చూడరు. తిరిగొచ్చిన పిల్లలకు అందరితో పాటు పరీక్ష పేపర్ ఇచ్చేస్తే ఏం తెలుస్తుంది? బడికి రాలేదని తెలుస్తుంది, అది హాజరు పట్టీలోనే ఉంది కదా. పిల్ల తిరిగొచ్చిన వారంలోనే బేస్‌లైన్ మళ్లీ పెట్టాలి, నెల ఏదైనా సరే.

ఇంకోటి. ఆదోని పక్క పల్లెల్లో కొందరి ఇంట్లో కన్నడం, తండాల్లో సుగాలి భాష, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ. మాటల్లో ఇచ్చిన లెక్కను పిల్లలు వదిలేస్తే, ఒకసారి మీరే చదివి వినిపించండి, అవసరమైతే వాళ్ల భాష తెలిసిన ఇంకో పిల్లతో చెప్పించండి. టక్కున జవాబు చెప్తే లెక్క వచ్చినట్టే, చదవడం దగ్గర పని మిగిలి ఉంది.

(తెర మీద: నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే ఎఫ్‌ఏ)

పాఠం నడుస్తుండగా చూసేది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. విద్యాహక్కు చట్టం, 2009, 29వ సెక్షన్‌లోనే నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల నేర్పును అన్ని వైపుల నుంచీ చూడటం, ఉండాలని రాశారు. ఆ పద్ధతిలో మన రాష్ట్రంలో దీనికి నాలుగు సాధనాలు పెట్టారు: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష (స్లిప్ టెస్ట్). అందరి టెన్షనూ స్లిప్ టెస్ట్ మీదే ఉంటుంది, మొదటిదాన్ని మాత్రం రిజిస్టర్ నింపే రోజు గుర్తు తెచ్చుకుని వేసేస్తాం. పిల్లల మాట వినడం కన్నా గొప్ప పరీక్ష లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఏకోపాధ్యాయ బడిలో, ఐదు తరగతులు ఒకే గదిలో ఉంటే ఇదంతా అయ్యే పనేనా అంటారు. అవుతుంది, కాకపోతే అందరినీ ఒకే రోజు చూడాలనుకోకండి. రోజుకు ఐదుగురు, ఒక నోట్‌బుక్, పేరు పక్కన ఒక్క వాక్యం: "ఒత్తులు తప్పుతున్నాడు", "మూడో ఎక్కం దాకా వచ్చింది". మిగతావాళ్లకు పలకలు. ఒక ప్రశ్న అడగండి, జవాబు రాసి పలక పైకెత్తమనండి, ఎవరికి రాలేదో ఒక్క చూపులో కనిపిస్తుంది. పలకలు మార్చుకుని ఒకరిది ఒకరు చూసుకున్నా మంచిదే, నవ్వులాట కాకుండా చూసుకోవాలి, అంతే.

నోటు పుస్తకం దిద్దేటప్పుడు మార్కు వేయాలా, మాట రాయాలా? రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడుల్లో చేసిన ప్రయోగం 1988లో అచ్చయింది. మాట మాత్రమే రాసి ఇచ్చిన పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కు మాత్రమే ఇచ్చినా, మార్కూ మాటా కలిపి ఇచ్చినా ఆ లాభం రాలేదు. మార్కు కనిపిస్తే పిల్లల కళ్లు దాని మీదే ఆగిపోతాయి. అందుకని రోజువారీ పనిలో "ఒకట్లు చాలకపోతే ఒక పదిని విడగొట్టు, మళ్లీ చేసి చూపించు" అని రాయండి. "గుడ్" అని రాస్తే పిల్లకు తర్వాత ఏం చేయాలో తెలియదు.

(తెర మీద: సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే ఎస్‌ఏ)

ఇది అందరికీ తెలిసిందే. కొన్ని నెలల చదువు మొత్తం మీద పెట్టే పరీక్ష. ఉండాలి, కానీ జవాబు పత్రాలు దిద్దాక కట్టగట్టి బీరువాలో పెట్టేస్తే దండగ. ఏ ప్రశ్న ఎక్కువ మంది తప్పారో ఒక కాగితం మీద రాసుకోండి. సగం క్లాసు ఒకే ప్రశ్న తప్పితే అది పిల్లల తప్పు కాదు, ఆ పాఠం మళ్లీ చెప్పాలి.

దేశం మొత్తం మీద జరిగే సర్వేలు వేరు. 2024 డిసెంబర్ 4న పరఖ్ అనే జాతీయ సర్వే 3, 6, 9 తరగతులకు జరిగింది. అది జిల్లా, రాష్ట్రం ఎక్కడున్నాయో చూడటానికి, మీ పాప ర్యాంకు కోసం కాదు.

అమ్మలకు, నాయనలకు ఒక మాట. బడి మీటింగుకు పోయినప్పుడు "ఎన్ని మార్కులొచ్చినాయి సార్?" దగ్గరే ఆగిపోకండి. "మా పిల్లకు ఏం వచ్చింది, ఏం రాలేదు, ఇంట్లో మేమేం చేయాలి?" అని అడగండి. మీకు చదువు రాకపోయినా సరే, అడిగే హక్కు మీకుంది. టీచర్లు ఆ రోజు ప్రోగ్రెస్ కార్డుతో పాటు పిల్లల నోటు పుస్తకాలు కూడా బల్ల మీద పెట్టుకుని కూర్చోండి, జూన్‌లో రాసిన పేజీ ఒకటి, మొన్న రాసిన పేజీ ఒకటి పక్కపక్కన తెరిచి చూపించండి.