తడి చెత్త గడప దాటాక: చర్చా కార్యక్రమం

సమన్వయకర్త: నమస్కారం. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, వాడేసిన టీ పొడి వంటి తడి చెత్తను విడిగా చెత్త ఆటోకు అందించడం 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చినప్పటి నుంచి ప్రతి ఇంటి బాధ్యత. అంతకుముందే, 2015లో, హైదరాబాద్‌లో పచ్చ, నీలం డబ్బాల పంపిణీ మొదలైంది. అయినా ఆ అలవాటు ఎందుకు నిలవలేదో కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి గారు చెప్పాలి.

కార్యదర్శి: మా కాలనీలో మొదటి మూడు నెలలు దాదాపు అందరూ వేరుచేశారండి. ఒకనాడు ఒక పెద్దావిడ, తాను శ్రద్ధగా విడదీసి ఇచ్చిన రెండు డబ్బాల చెత్తా బండిలో ఒకే కుప్పగా పడటాన్ని మేడ మీద నుంచి చూశారు. మరునాటి నుంచి ఆమె వేరుచేయడం మానేశారు. పది రోజుల్లో వీధంతా అదే దారి పట్టింది. ఆమెను నేను తప్పుపట్టలేను.

ఆటో కార్మికురాలు: వేరుగా ఇచ్చినా, బండిలో వేరుగా పోసే చోటు లేకపోతే మేమేం చేయగలం సార్? నేను నా బండికి మధ్యలో రేకు అడ్డు పెట్టించుకున్నాను. అయినా తడి చెత్తలో పాల కవర్లు, డైపర్లు, పగిలిన గాజు పెంకులు వస్తాయి, వాటిని చేత్తోనే ఏరాలి. కలిపి ఇచ్చిన డబ్బాను తిరిగి ఇచ్చేస్తే నా మీద కోపపడతారు. అదే మాటను కాలనీ సంఘం వాళ్లు నా పక్కన నిలబడి చెబితే వింటారు.

సమన్వయకర్త: ఇంజినీరు గారూ, ఇంత శ్రమకు తగిన ఫలితం ఉందా?

పర్యావరణ ఇంజినీరు: తప్పకుండా ఉంది. మన ఇళ్ల చెత్తలో దాదాపు సగం తడిదే. అది డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే మీథేన్‌ను మూసిన ట్యాంకులో పట్టుకుంటే ఇంధనం అవుతుంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజూ సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధన వాయువు వస్తున్నట్లు 2021లో ప్రధాని ప్రసంగంలో విన్నాం. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన బయోగ్యాస్ కర్మాగారం రోజుకు 550 టన్నుల తడి చెత్తను తీసుకోగలదు. అక్కడ బళ్లలోనే వేర్వేరు గదులు ఉండటం వల్ల ఇంట్లో పడిన శ్రమ దారిలో వృథా కాదు. నిజానికి ఇది మనకు కొత్త కాదు. గంజి, బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు కుడితి తొట్టిలోకి పోయే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం.

సమన్వయకర్త: దక్షిణ కొరియాలో తూకాన్ని బట్టి రుసుము వసూలు చేస్తారు కదా, ఆ పద్ధతి ఇక్కడ పనికొస్తుందా?

పర్యావరణ ఇంజినీరు: వాళ్లు 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడాన్ని నిషేధించి, 2013లో పరిమాణాన్ని బట్టి రుసుమును దేశమంతటా తెచ్చారు. చాలా అపార్ట్‌మెంట్లలో డబ్బాయే తూచి, ఆ ఇంటి ఖాతాలో రాస్తుంది. మన అపార్ట్‌మెంట్లలోనూ దీన్ని ప్రయత్నించవచ్చని నా అభిప్రాయం.

కార్యదర్శి: క్షమించాలి, నేను ఒప్పుకోను. బండి రోజూ వేళకు రాకముందే రుసుము పెడితే, రాత్రికి రాత్రి ఆ చెత్త ఖాళీ స్థలంలో పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 తర్వాత వసూలు చేసిన చెత్త పన్నుపై ఎంత వ్యతిరేకత వచ్చిందో, 2024లో దాన్ని ఎలా రద్దు చేశారో చూశాం కదా. ముందు జనానికి నమ్మకం కుదరాలి.

సమన్వయకర్త: వాసన, పురుగుల మాటేమిటి? చాలామంది గృహిణుల ఇబ్బంది అదే.

ఆటో కార్మికురాలు: పులుసు, మజ్జిగ వంపేసి, డబ్బా అడుగున పాత దినపత్రిక పరిచి, మూత పెడితే ఒక రోజుకు వాసన రాదమ్మా. ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇస్తేనే కష్టం, ఆ సంచిని మేము చింపాలి. నాకైతే ఒక్క కోరిక ఉంది. చెత్త ఎక్కడికి పోతుందో కాలనీ వాళ్లు ఒక్కసారి నా బండి వెంట వచ్చి కళ్లారా చూడాలి.

కార్యదర్శి: ఈ ఆదివారమే వస్తాం. ఆ పెద్దావిడను కూడా తీసుకొస్తాను. మీరు ఎన్ని గంటలకు బయలుదేరతారు?

ఆటో కార్మికురాలు: ఆరున్నరకు మీ వీధి చివర ఉంటాను సార్.