ఫైలా, ఏపీఐనా, మెసేజా? సాఫ్ట్‌వేర్లను కలిపే దారిపై చర్చ

యాంకర్: నమస్కారం. అకౌంట్స్‌కి ఒక సాఫ్ట్‌వేర్, స్టాక్‌కి ఒకటి, కస్టమర్లకి ఇంకొకటి. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఏ దారి మంచిది? స్టూడియోలో ఒక ఇంటిగ్రేషన్ ఆర్కిటెక్ట్, ఒక ఐటీ ఆపరేషన్స్ మేనేజర్ ఉన్నారు. ఆర్కిటెక్ట్ గారూ, నేరుగా లింక్ పెట్టేస్తే సరిపోదా?

ఆర్కిటెక్ట్: రెండే ఉంటే హాయిగా పెట్టేయండి. 10 సిస్టమ్‌లు ఉండి ప్రతిదీ ప్రతిదానితో మాట్లాడాలంటే 45 లింకులు, 20కి 190. అన్నీ అన్నిటితో మాట్లాడవు లెండి. కానీ అందులో సగం ఉన్నా చాలు, దేన్ని ముట్టుకుంటే ఏది ఆగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే 2000ల మొదట్లో మధ్యలో ఒక బస్ పెట్టడం మొదలైంది, ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్, ఈఎస్‌బీ అని. అందరూ దానితోనే మాట్లాడతారు.

మేనేజర్: ఆ బస్సు ఆగితే అందరూ ఆగిపోతారు, అదీ చెప్పండి. (నవ్వులు)

ఆర్కిటెక్ట్: అంతకన్నా పెద్ద చిక్కుంది. వ్యాపారం రూల్స్ అన్నీ మెల్లగా ఆ బస్సులోకి చేరతాయి. డిస్కౌంట్ మార్చాలన్నా ఆ ఒక్క టీమ్ దగ్గర క్యూ కట్టాలి.

యాంకర్: అందుకేనా ఇప్పుడందరూ కాఫ్కా అంటున్నారు?

మేనేజర్: ఆర్డర్ వచ్చింది లాంటి ఈవెంట్లని మెసేజ్‌లుగా ఒక సిస్టమ్ నుంచి మిగతావాటికి చేరవేసే సాఫ్ట్‌వేర్ అది. లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయింది. ఈవెంట్లు లక్షల్లో వచ్చేచోట మంచిదే. మా పాత కంపెనీలో రోజుకి రెండు మూడు వందల ఆర్డర్లకే మెసేజింగ్ పెట్టాం. ఒక రాత్రి, బిల్లింగ్ సిస్టమ్ మెసేజ్ తీసుకుని బిల్లు వేసింది, అందిందని తిరిగి చెప్పేలోపే నెట్‌వర్క్ పోయింది. అవే మెసేజ్‌లు మళ్లీ వచ్చాయి. కొన్ని ఆర్డర్లకి రెండేసి బిల్లులు! తెల్లవారుజామున ఫోన్ వచ్చింది ఎవరికి? నాకు.

ఆర్కిటెక్ట్: మెసేజింగ్ సిస్టమ్ ‘కనీసం ఒక్కసారి’ అందిస్తానంటే రెండుసార్లు కూడా రావచ్చనేగా అర్థం. ఆర్డర్ నంబర్ చూసి, ఇది చేసేశానని పక్కన పెట్టాల్సిన బాధ్యత మెసేజ్ తీసుకునే సిస్టమ్‌ది.

మేనేజర్: తప్పు మాదే. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌ని మార్చడానికి సోర్స్ కోడ్ మా చేతిలో లేదు. చివరికి రాత్రికో ఫైల్ పంపి, ఎన్ని వరసలు, మొత్తం ఎంత అని రెండు వైపులా సరిచూసుకున్నాం. ప్రశాంతంగా నిద్రపోయాను.

యాంకర్: ఈ కాలంలో ఫైలా?

మేనేజర్: అకౌంట్స్ వాళ్లకి అంకెలు పొద్దున ఉంటే చాలు. రియల్ టైమ్ కావాలా అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు. ఎంత ఆలస్యమైతే మీకు నష్టం అని అడగండి, జవాబు మారిపోతుంది.

ఆర్కిటెక్ట్: అది ఒప్పుకుంటా. స్టాక్ మాత్రం అలా కాదు. కస్టమర్ కొనే బటన్ నొక్కుతుంటే సరుకు ఉందో లేదో నిన్న రాత్రి ఫైల్ ఏం చెబుతుంది? అక్కడ ఏపీఐ, అంటే ఒక సిస్టమ్ ఇంకో సిస్టమ్‌ని అప్పటికప్పుడు అడిగి జవాబు తెచ్చుకునే దారి, కావాల్సిందే. అవతలి సిస్టమ్ పలకకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి.

యాంకర్: అందరూ ఒకే డేటాబేస్ వాడుకుంటే ఈ గొడవే ఉండదుగా?

ఇద్దరూ: వద్దండి!

ఆర్కిటెక్ట్: ఒకరు కాలమ్ పేరు మారిస్తే ఇంకొకరి రిపోర్ట్ పోతుంది.

యాంకర్: మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

మేనేజర్: టూల్ డెమోలు చూసే ముందు, ఇప్పుడున్న లింకులన్నీ కాగితం మీద పెట్టి, పక్కన ఎవరిదో రాయండి. మేం రాస్తే, రోజూ రాత్రి వెళ్లే ఫైల్ ఒకటి బయటపడింది. ఎవరు చదువుతున్నారో ఎవరూ చెప్పలేకపోయారు. ఆపేశాం.

యాంకర్: ఏమైంది?

మేనేజర్: మూడు వారాలు ఏమీ కాలేదు. నెలాఖరున పన్నుల టీమ్ నుంచి ఫోన్ వచ్చింది.